జతల బాస

మా హాస్టల్లో టీచరమ్మ ఒకామె ఉండేది. అప్పట్లో ఆమె మీద నాకున్నంత ప్రేమ మా అమ్మ మీద కూడా లేదు. ఈ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు. మా అమ్మ కోడి కూయకముందే కూలికి పోయే మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నేను చెప్పేది వినే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. టీచరమ్మ వినేది. నేను ఏం చెప్పినా తల కొంచెం పక్కకు వంచి, ఆఖరి మాట దాకా వినేది. పన్నెండు పదమూడేండ్ల పిల్లకు అంతకంటే ఏం కావల్ల.

మాది తనకల్లు దిక్కు పల్లె. మెట్ట సేద్యం. యాభైల మొదట్లో వానలు వరసగా మొగం చాటేసినాయి. చెనక్కాయ విత్తనం వేసిన ఏడు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆ తర్వాత వేసేదానికి విత్తనమే లేదు. మా ఊరి అయ్యవారు నాయనకు నచ్చజెప్పి, కదిరి దిక్కు ఒక చిన్న టౌన్లో ఆడపిల్లల హాస్టల్లో నన్ను చేర్పించినాడు. "పోనీలేప్పా, ఆడుంటే రెండు పూట్ల సంగటన్నా తింటాది" అన్నాడు నాయన. చదువు కోసం కాదు, కడుపు కోసం పంపించినాడు. మా హాస్టల్లో సగం మంది పిల్లల కథ అదే.

నా చాప పక్కన చాప ఒక సాయిబుల పిల్లది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే సాయిబులు వాళ్లు. వాళ్ల నాయన జట్కా తోలేవాడు. మేత లేక గుర్రం చచ్చిపోయినంక పని వెతుక్కుంటా బళ్లారి దిక్కు పోయినాడు. పోయినోడు తిరిగి రాలేదు. వాళ్లమ్మ చిన్న కూతుర్ని చంకనేసుకొని కరువు పనికి వచ్చింది. మా హాస్టలు వెనక కొత్తగా రోడ్డు వేస్తాండ్రి. దానికి కంకర కొట్టే పని. ఎండలో తలకు గుడ్డ చుట్టుకొని కూలోళ్లంతా వరసగా కూర్చొని సుత్తెలతో రాళ్లు కొడతాంటే, ఆ టకటక మా తరగతి గదిలోకి వినపడేది. నా స్నేహితురాలు లెక్కలు చేస్తా చేస్తా ఉన్నట్టుండి ఆగిపోయేది. ఏ సుత్తె వాళ్లమ్మదో ఆమెకు తెలుసునేమో అనిపించేది నాకు.

ఒక మాపటేళ ఆ పిల్ల తన పళ్లెంలో సంగటి సగం తిని, మిగతా సగం ముద్ద జేసి ఆముదం ఆకులో చుట్టింది. "యాడికి మే?" అన్నాను. "వెనక గోడ కాడికి. మా చెల్లెలు పొద్దున్నించీ గంజి మీదనే ఉండాది" అనింది. నేను కూడా నా ముద్దలో కొంచెం తుంచి ఆ ఆకులో పెట్టినాను. మా గదిలోనే ఇంకో ఇద్దరు ఉండిరి. వాళ్లూ కలిసినారు. అట్ల నలుగురమైనాము. రోజుకొకరి ముద్దలో సగం గోడ దాటేది. దొంగతనం కాదు. మాకు పెట్టిందే, మేము తినకుండా మిగిలించిందే. అయినా అడిగితే వార్డెనమ్మ ఒప్పుకోదని మాకు తెలుసు. హాస్టలుకు వచ్చే గింజలే తగ్గిపోయి, ముద్ద సైజు నెలనెలకూ చిన్నదవుతాండిన కాలం అది.

అందరి ముందర మాట్లాడుకోవాలంటే ఒక మరుగు బాస కావల్సొచ్చింది. క బాస అందరికీ వచ్చు. ప్రతి అక్షరానికీ ముందర ఒక 'క' తగిలించి మాట్లాడేది. సంగటి అనాలంటే 'కసంకగకటి'. చంటిపిల్లలకు కూడా అర్థమయ్యే బాస అది. నా స్నేహితురాలే ఇంకో దారి కనిపెట్టింది. ఎద్దులను కాడికి కట్టినట్ల అక్షరాలను జతలు కట్టింది. కకు ప జత. గకు బ జత. చకు త, జకు ద, మకు న, రకు ల. ఒకటి రావాల్సిన చోట దాని జత వస్తాది. గుణింతం మాత్రం కదలదు. గోడ 'బోడ' అవుతాది, సంగటి 'సంబటి' అవుతాది. వాళ్లమ్మ వచ్చి నిలబడిందని చెప్పాలంటే, "గోడకాడ అమ్మ ఉండాది" అనేదానికి "బోడపాడ అన్న ఉండాజి" అనేది. అమ్మ కాస్తా అన్న అయిపోయేసరికి మొదటి రోజుల్లో పొట్ట పట్టుకొని నవ్వినాము. దానికి జతల బాస అని పేరు పెట్టుకొన్నాము. పది పదిహేను దినాల్లో నాలుక తిరిగిపోయింది. బావి కాడ, అన్నాల కాడ, ప్రార్థన వరసలో నిలబడి కూడా గడగడా మాట్లాడుకునేవాళ్లం.

టీచరమ్మ ఆ ఏడాదే కొత్తగా వచ్చింది. సర్కారు జిల్లాల దిక్కు నుంచి, కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఇరవై రెండేండ్లు కూడా నిండలేదని తర్వాత తెలిసింది. మేము 'పోయినాడు' అంటే ఆమె 'పోయాడు' అనేది. మా మాటలు ఆమెకు వింత, ఆమె మాటలు మాకు ముచ్చట. సాయంత్రాలు మేము వసారాలో కూర్చొని చెనక్కాయలు ఒలుస్తాంటే, తానూ కింద కూర్చొని ఒలిచేది. గింజ నోట్లో వేసుకోవద్దని వార్డెనమ్మ ఆజ్ఞ. టీచరమ్మ ఒక్కో గింజ మా నోట్లో వేసి, తాను చూడనట్టు తల తిప్పుకొనేది.

ఒక దినం ఏదో మాట మీద మాట వచ్చి, ఆమె తన అన్న సంగతి చెప్పింది. యుద్ధం కాలంలో ఆయన పట్టాళంలో తంతి వార్తలు చూసే పని చేసినాడంట. సెలవుకు వచ్చినప్పుడు చెల్లెలికి ఆట మాదిరి మరుగు రాతల సంగతి నేర్పించినాడంట. మేము ఇంకా చెప్పమంటే, లోపలికి పోయి నల్లబల్ల, సుద్దముక్క తెచ్చి గోడకు ఆనించింది.

"మరుగు రాత కనపడగానే అందరూ ఏం చేస్తారు? ఇందులో ఏముందో అని కంగారు పడతారు. అది తప్పు. ముందు ఇది ఏ రకం మరుగు అని చూడాలి. రకం తెలిస్తే సగం పని అయిపోయినట్టే."

బల్ల మీద మూడు వరసలు రాసింది. ఒక్కటీ అర్థం కాలేదు మాకు.

"చదవొద్దు. ఊరికే చూడండి" అనింది. "మొదటి వరస చూడండి. మాటలు ఎంత పొడుగున్నాయో. మన తెలుగులో ఇంత పొడుగు మాటలు వరసగా వస్తాయా? పైగా ఒకటే అక్షరం మాటిమాటికీ వస్తోంది. అంటే ఏదో కలిపారు. ఇది కలిపే రకం. మీ క భాష ఇదే."

రెండో వరస మీద సుద్దముక్క పెట్టింది. 'ళ్లునీ' అని ఉండాది ఆడ. "ఇక్కడ మాటలు పొడుగు పెరగలేదు. కానీ మొదలు చూడండి. ఒత్తు అక్షరంతో, అందులోనూ 'ళ్లు'తో మొదలయ్యే మాట ఎవరికైనా తెలుసా? 'ణ'తో మొదలయ్యే మాట విన్నారా ఎప్పుడైనా? తోక ఉండాల్సింది తలకాయ దగ్గరకొచ్చింది. అంటే అక్షరాలు అవే, చోట్లు మారాయి. ఇది తిరగేసే రకం." నీళ్లు తిరగబడి 'ళ్లునీ' అయిందని అప్పుడు కనపడింది మాకు. అందరమూ ఒకేసారి ఓహో అన్నాము.

మూడో వరస కాడికి వచ్చేసరికి నేను ఒలవడం ఆపేసినాను. అది మా జతల బాస కాదు గానీ దాని అక్కచెల్లెలే.

"ఇది కష్టం. పొడుగు సరిపోయింది. మొదలూ సరిగ్గానే ఉంది. చదివితే మన తెలుగు పాటలాగే ఉంది, ఒక్క మాటా తెలీదు. అంటే అక్షరాల వేషాలు మార్చారు. దీన్ని పట్టుకోవాలంటే ఏ అక్షరం ఎక్కువసార్లు వస్తోందో చూడాలి. బజార్లో రోజూ తిరిగేవాళ్లు వేషం మార్చినా రోజూ తిరుగుతూనే ఉంటారు కదా. మాటల చివర్లు చూడాలి. తెలుగులో చివర్లు కొన్నే. లు, కి, ని, తో. వాటి చోట ఇంకేవో వరసగా కనపడితే, అవే ఇవి."

నేను నా స్నేహితురాలి మొగం చూసినాను. ఆమె చెనక్కాయలు ఒలవడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక మాపటేళ నేను బావి కాడ నీళ్లు తోడతాంటే టీచరమ్మ వచ్చి చేద అందుకొనింది. ఇద్దరమే ఉండాము. నవ్వుతా అడిగింది.

"మీ నలుగురిదీ వేషాలు మార్చే రకం కదూ?"

నేను బిందె సర్దినట్టు కిందికి వంగినాను.

"కలిపే రకమైతే మాట సాగాలి. మీది సాగడం లేదు. తిరగేసే రకమైతే మొదట్లోనే నాలుక తడబడాలి. మీకు తడబడడం లేదు. ఇంకోటి చెప్పనా? మీరు ఏం మాట్లాడినా చివర ఉండాజి, ఉండాజి అంటారు. మా ఊళ్లో 'ఉంది' అంటాం. మీరు 'ఉండాది' అంటారు. ఆ మాట నాకు కొత్త కాబట్టి చెవిలో గుచ్చుకుంది. అదే కదూ ఇది?"

నేను అవునని తల ఊపినాను. లోపల భయం, దాని పైన ఒక గర్వం. మా బాసను ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఉండాది గదా అని.

"మేం ఏం మాట్లాడుకుంటామో వింటారా టీచరమ్మా?"

"ఎందుకు వింటాను? తాళం ఏ రకందో చూడ్డం వరకే నాకు సరదా. తలుపు తీసి లోపలికి రావడం మర్యాద కాదు. మీ మాటలు మీవి."

ఆ మాట నేను మా వాళ్లకు చెప్పినాను. మిగతా ఇద్దరూ తేలిగ్గా తీసుకొన్నారు. నా స్నేహితురాలు మాత్రం "బాస మార్చేద్దాం మే" అనింది.

"ఎందుకు? ఆమె వినను అనింది గదా."

"తాళం రకం తెలిసినోళ్లు తలుపు తీయకుండా ఎన్ని దినాలుంటారు?"

"నీకు టీచరమ్మ సంగతి తెలీదు" అన్నాను నేను. కొత్త బాస కట్టి నాలుక తిప్పుకొనే ఓపిక కూడా అప్పుడు ఎవరికీ లేదు. ఆకలి మీద ఉండేవాళ్లం. వాళ్ల చెల్లెలికి జ్వరం వచ్చి తగ్గింది. ఆ పిల్లకు తినిపించాల్సిన పని ఇంకా పెరిగింది.

అనుకోని దిక్కు నుంచి వచ్చింది ముప్పు. మా వంటామెవి పాము చెవులు. మా బాస ఆమెకు తెలీదు గానీ, ఒక మాట మాత్రం పదేపదే చెవిలో పడింది. అన్న. పొద్దు వాలేసరికి ఈ నలుగురు పిల్లలూ గుసగుసగా అన్న, అన్న అంటారు. తర్వాత ఎవరో ఒకరు వెనక గోడ దిక్కు పోయి వస్తారు. వంటామె రెండూ రెండూ కలుపుకొని వార్డెనమ్మ చెవిలో వేసింది. గోడ కాడికి ఎవడో మగపిల్లోడు వస్తాండాడని.

ఆడపిల్లల హాస్టలుకు అంతకంటే పెద్ద పిడుగు ఏముంటాది? వార్డెనమ్మ మమ్మల్ని పిలవలేదు. టీచరమ్మను పిలిచింది. పిల్లలతో కూర్చొని చెనక్కాయలు ఒలిచేది నువ్వే, నీకు తెలీకుండా ఎట్ల జరుగుతాదని నిలదీసిందంట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ వారం మాత్రం టీచరమ్మ రోజూ వచ్చి మా పక్కన కూర్చొనింది. ఎప్పటిలాగే గింజలు నోట్లో వేసింది. నేను ఆమె మోకాలికి ఆనుకొని కూర్చొని, నా స్నేహితురాలితో జతల బాసలో ధైర్యంగా మాట్లాడినాను. ఈ రోజు ఎవరి వంతు, ఎంత సంగటి మిగిలింది, చెల్లెలు లేచి తిరుగుతాందా లేదా. టీచరమ్మ తల కొంచెం పక్కకు వంచి విన్నది. నేను ప్రేమించింది ఆ తల వంపునే.

శనివారం మధ్యాన్నం మా నలుగుర్నీ వార్డెనమ్మ గదిలోకి పిలిపించినారు. వార్డెనమ్మ కుర్చీలో, టీచరమ్మ కిటికీ పక్కన నిలబడి, వంటామె గడప బయట.

"ఎవడు వాడు?" అనింది వార్డెనమ్మ.

మాకేం అర్థం కాలేదు. ఒకరి మొగం ఒకరం చూసుకొన్నాము.

అప్పుడు టీచరమ్మ ముందుకొచ్చింది. "మగపిల్లాడెవరూ లేడండీ. వీళ్ల భాషలో 'మ' ఉన్నచోట 'న' వస్తుంది. అన్న అంటే అమ్మ. గోడ దగ్గరకు వచ్చేది ఈ అమ్మాయి తల్లి." ఆ తర్వాత ఆమె మా మాటలు ఒక్కొక్కటే చెప్పింది. ముందు మా బాసలో, దాని వెనకాల మామూలు తెలుగులో. మేము వారమంతా ఆమె పక్కన కూర్చొని మాట్లాడుకున్న మాటలు. బోడపాడ అన్న ఉండాజి. గోడకాడ అమ్మ ఉండాది. ఈ కొజ్జు మా వంచు. ఈ పొద్దు నా వంతు. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. మా నోళ్లలో ఉన్నప్పుడు ఎంత చక్కగా ఉండె ఆ మాటలు. ఆమె నోట్లో నుంచి వస్తాంటే, ఎవరో మా పెట్టెలు తెరిచి పాత గుడ్డలు నడింట్లో కుప్ప పోస్తాండినట్టు ఉండాది.

వార్డెనమ్మ మొగం మొదట తేటపడింది. మగపిల్లోడు లేడు. తర్వాత మళ్లీ గట్టిపడింది.

"అంటే హాస్టలు కూడు గోడ దాటి పోతాండాదా?"

"మా పాలుదే అమ్మా. మేం తినకుండా పెట్టినాం" అనింది నా స్నేహితురాలు.

"నీ పాలు నీ కడుపుకిచ్చింది. మీ ఇంటికి కాదు. ఈ పొద్దు మీ అమ్మ వచ్చింది. రేపు కంకర కొట్టేటోళ్లంతా వచ్చి గోడ కాడ నిలబడితే ఎవరి ముద్దలో నుంచి తీసి పెట్టేది నేను?"

ఆమె చెప్పినదాంట్లో కూడా అబద్ధం లేదు. ఆ గోడ అవతల ఎంతమంది ఉండారో మాకూ తెలుసు.

"ఈ బాసంతా నీకెవరు విప్పి చెప్పినారు?" అని టీచరమ్మను అడిగింది వార్డెనమ్మ.

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈ అమ్మాయి చెప్పింది. చేస్తున్నది తప్పని తెలుసుకొని తనే వచ్చి చెప్పింది."

"నేను చెప్పలేదు" అన్నాను. మళ్లీ అన్నాను. "నేను చెప్పలేదు టీచరమ్మా."

"భయపడకమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు" అనింది ఆమె. భుజం మీద చెయ్యి ఇంకొంచెం బిగిసింది. ఎంత మెత్తగా అనింది ఆ మాట! ఆ మెత్తదనం వల్ల నేను చెప్పలేదన్న మాట భయంతో ఆడిన అబద్ధం అయిపోయింది.

నా స్నేహితురాలు నా వైపు చూసింది. టీచరమ్మ చేతిని చూసింది. మళ్లీ నా వైపు చూడలేదు.

ముగ్గుర్నీ హాస్టల్లో నుంచి తీసేసినారు. నన్ను ఉంచినారు.

మరుసటి దినం పొద్దున్నే వాళ్లమ్మ ముందు గేటు కాడికి వచ్చి నిలబడింది. ఎప్పుడూ వెనక గోడ కాడికే వచ్చే మనిషి. చిన్నపిల్ల ఆమె కొంగు పట్టుకొని ఉండాది. నేను గేటు దాకా పరిగెత్తినాను.

"నేను కాదు మే. దేవుని మీద ఒట్టు. ఆమే కనిపెట్టింది. నేనేం చెప్పలేదు."

నా స్నేహితురాలు రేకుపెట్టె తల మీద పెట్టుకుంటా ఉండాది. సర్దుకొన్నంక అడిగింది. "నువ్వు కాకపోతే నిన్నెందుకు పెట్టుకున్నారు?"

నేనే అడగాల్సిన ప్రశ్న అది. వాళ్లు రోడ్డు దిక్కు పోతాంటే చూస్తా నిలబడినాను. వాళ్లమ్మ మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి, లోపలికి పో అన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ తర్వాత హాస్టల్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు. నేను పోతే మాట ఆగిపోయేది. కొన్నాళ్లకు మాట ఆపడం కూడా మానేసి, నా ముందరే కొత్త మరుగు బాసలో మాట్లాడడం మొదలుపెట్టినారు. రెండో దినానికే అది ఏ రకమో నాకు తెలిసిపోయింది. మాట రెండు ముక్కలు చేసి వెనక ముక్క ముందుకు తెచ్చి, మధ్యలో ఇంకో అక్షరం ఇరికిస్తాండిరి. తిరగేసే రకం, కలిపే రకం రెండూ కలిపినారు. తెలివైన పనే. నేను అంతకంటే ముందుకు పోలేదు. వాళ్లు మాట్లాడుకుంటాంటే కావాలని గట్టిగా ఎక్కాలు చదువుకునేదాన్ని. చెవులకు పని తగ్గించేదానికి అది తప్ప ఇంకో దారి తోచలేదు.

టీచరమ్మ నన్ను ముందుకంటే ఎక్కువ దగ్గరకు తీసింది. సాయంత్రాలు పిలిచి లెక్కలు చెప్పేది. నేను పోయి కూర్చొనేదాన్ని. అవును టీచరమ్మా, కాదు టీచరమ్మా, ఈ రెండు మాటలే నా నోట్లో నుంచి వచ్చేది. గింజ ఇవ్వబోతే నోరు తెరవకుండా అరచెయ్యి చాపేదాన్ని. ఆ గింజను పక్కన చాట్లో వేసేదాన్ని. ఒకసారి ఆమె కండ్లలో నీళ్లు తిరిగినాయి. నాకు జాలి కలగలేదు. ఆ వయసులో జాలి కూడా మొండిదే.

పండగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనతో అంతా చెప్పి, నేనింక పోను అన్నాను. నాయన చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు. "చెప్పనిది చెప్పినావని అన్నారు. అంతే గదా?" అన్నాడు. "నీ మనసుకు తెలుసు గదా. సంగటి పెడతాండారా లేదా?"

"పెడతాండారు."

"అట్లయితే పో" అన్నాడు. ఇంట్లో పొయ్యి ఎట్లుండాదో చూసినాను గాబట్టి మళ్లీ పోయినాను. ఆ ఏడాది ఆఖర్లో టీచరమ్మకు వేరే ఊరికి మార్పయింది. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆమె చెయ్యి తీసినంక నేను లోపలికి పోయినాను.

నేనూ చదువు ముగించి, ట్రైనింగయి, అరవైల్లో బెళుగుప్పలో టీచరుగా చేరినాను. పెండ్లయింది. ఒక ఎండాకాలం అనంతపురంలో మా టీచర్లకు కొన్ని దినాలు తరగతులు పెట్టినారు. మొదటి దినం పాఠం చెప్పేదానికి లోపలికి వచ్చిన ఆమెను చూసి నేను గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసింది, ఒళ్లు చేసింది. ఎవరో ప్రశ్న అడిగితే తల కొంచెం పక్కకు వంచింది. అప్పుడు గుర్తుపట్టినాను.

మధ్యాన్నం ఆమే నా కాడికి వచ్చి కూర్చొనింది. ఆమెకు నేను ముందే గుర్తొచ్చినానంట. ఊరూ పేరూ, పిల్లలూ, అంతా అడిగింది. నేను జవాబులు చెప్పి, తర్వాత అడిగినాను.

"నా పేరెందుకు చెప్పినారు?"

ఆమె వెంటనే చెప్పింది. ఆ జవాబు ఎన్నాళ్లుగానో సిద్ధంగా పెట్టుకున్నట్టు ఉండాది. "నిన్ను కాపాడుదామని. ఆవిడ నలుగుర్నీ పంపేసేది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక్కదాన్నైనా నిలపాలనుకున్నాను. ఆ అన్న అన్న మాట మీద వంటావిడ ఊరంతా చెప్పి ఉంటే మీ నలుగురి బతుకులు ఏమయ్యేవి? మాట విప్పి చూపించకపోతే ఎవరు నమ్మేవాళ్లు?"

"ముందు మమ్మల్ని అడగొచ్చు గదా టీచరమ్మా. వారమంతా మా పక్కనే కూర్చొన్నారు. ఒక్క మాట అనింటే గోడ కాడికి పోవడం మానేసేవాళ్లం. వాళ్లమ్మే వచ్చి వార్డెనమ్మతో మాట్లాడేది."

ఆమె కొంగుతో మొగం తుడుచుకొనింది.

"అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు" అనింది.

"అయిందా తర్వాత?"

"అయింది."

అదొక్కటే ఆ దినం ఆమె సిద్ధం చేసుకోకుండా చెప్పిన మాట. మిగతా కారణాలు కూడా నిజమే కావచ్చు. నాకు మాత్రం ఇదే నిజంగా వినపడింది.

"ఇంకా కోపం ఉందా నా మీద?"

"కోపం కాదు టీచరమ్మా. మీరు వినను అన్నారు. ఆ మాట మీద నేను నిలబడినాను. మీరు నిలబడలేదు. అంతే."

ఆమె తలాడించింది. తరగతులు అయిపోయేదాకా మళ్లీ నా పక్కకు రాలేదు. నేనూ పోలేదు.

తరగతులు ముగిసినంక పుట్టింటికి పోదామని కదిరి బస్సెక్కినాను. బత్తలపల్లె కాడ టైరు పగిలింది. అందరమూ దిగి, రోడ్డు పక్కన దొరికిన నీడలో కూర్చొన్నాము. నాకు కొంచెం దూరంలో ఒకామె దూదిమూట ఒకటి పక్కన పెట్టుకొని, చంటిబిడ్డకు విసురుతాండాది. ఇంకో ఆడపిల్ల ఆమె వీపుకు ఆనుకొని నిద్రపోతాండాది. చానా సేపు చూసినంక నేను లేచి ఆమె కాడికి పోయినాను.

"నన్ను గుర్తుపట్టినావా మే?"

ఆమె కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. "బస్సెక్కినప్పుడే పట్టినా" అనింది.

కూర్చోమని చెప్పలేదు. నేనే కూర్చొన్నాను. వాళ్లాయన పరుపులు కుడతాడంట. దూది ఏకే పనిలో తానూ సాయం పోతాదంట. వాళ్లమ్మ చనిపోయి ఏండ్లయిందంట. చెల్లెలికి గుత్తి దిక్కు పెండ్లి చేసినారంట. అన్నీ అడిగినవాటికి అడిగినంతే చెప్పింది.

నేను అనంతపురంలో టీచరమ్మ కనపడిన సంగతి చెప్పినాను. ఆమె అన్న మాటలు కూడా చెప్పినాను. నా పేరు ఊరికే వాడుకున్నానని ఆమే ఒప్పుకొన్నదని చెప్పినాను. ఇన్నేండ్లకు నాకొక సాక్ష్యం దొరికింది గదా అని ఆత్రం నాకు.

నా స్నేహితురాలు విసరడం ఆపకుండా విన్నది.

"మా అమ్మ ఆ పొద్దే అనింది. ఆ పిల్ల చెప్పుండదు మే, దాని మొగం చూస్తే తెల్లేదా అని. రోడ్డు పొడుగునా అదే అనింది. నేనే నమ్మలేదు."

"ఇప్పుడన్నా నమ్ముతావా?"

"నమ్ముతా. నమ్మితే ఏమాయ? నువ్వు చెప్పకపోయినా బడి పోయింది నాదే గదా. నిన్ను అనడం లేదు నేను. బాస మార్చేద్దామంటే వద్దంటివి. ఆమె మాట నీకు నా మాట కంటే ఎక్కువాయె ఆ పొద్దు. నాకు గుచ్చుకునింది అది. చెప్పినావా లేదా అనేది కాదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఎండ గురించి చెప్పినట్టే చెప్పింది. నేను ఇన్నేండ్లూ మోసిన ప్రశ్న ఒకటి, ఆమె మోసిన ప్రశ్న ఇంకొకటి అని అప్పుడు తెలిసింది నాకు. నిద్రపోతాండిన పిల్లను చూపించి, "బడికి పోతాందా?" అన్నాను.

"పోతాది. లెక్కలు బాగా చేస్తాది" అనింది. ఆ ఒక్క మాటప్పుడు మొగంలో వెలుగొచ్చింది.

టైరు బిగించినారు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని, ఆ తల్లీపిల్లల కోసం సీటు పట్టినాను. ఆమె ఎక్కి, నన్ను దాటి, వెనక సీట్లోకి పోయి కూర్చొనింది. మూట పెట్టేదానికి ఈడ చోటు లేదనింది. అది నిజమే. నా సీటు కాడ చోటు ఇరుకే.

ముదిగుబ్బలో దిగిపోయింది. దిగేటప్పుడు చంటిబిడ్డ ఒక చంకన, మూట తల మీద. పెద్దపిల్ల ముందు నడిచింది. కిటికీ కిందికి వచ్చేసరికి ఆగి, తలెత్తకుండానే అడిగింది.

"మీ బడి యాడ?"

"బెళుగుప్పలో."

"దూరమే" అనింది. పిల్లలను రోడ్డు దాటించి, అవతల సందులోకి తిరిగింది. కండక్టరు విజిలేసినాడు.